మామగారు సరిచూసిన తాబేలు

మా మామగారు దేన్నీ నమ్మరు. గోడ గడియారం పది చూపిస్తే చేతి గడియారం చూసుకుంటారు. రెండూ పదే చూపిస్తే, రెండూ కూడబలుక్కుని ఎందుకు తప్పు చూపిస్తున్నాయా అని ఆలోచిస్తారు. వాన పడుతోందని ఎవరైనా అంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తడిసిన చేతిని వాసన చూసి, "పై అంతస్తువాళ్ళు మొక్కలకి నీళ్ళు పోస్తున్నారేమో కనుక్కోండి" అంటారు. పై అంతస్తులో ఉండేది మేమే.

ఆయన తప్పేం లేదు, ఉద్యోగం అలాంటిది. ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో సంతకాలు సరిచూశారు. జనం కాగితం మీద పెట్టిన సంతకం ఎడమ చేతిలో, బ్యాంకు బీరువాలో దాచిన నమూనా సంతకం కార్డు కుడి చేతిలో, ముక్కు మీద కళ్ళజోడు, కళ్ళజోడు ముందు భూతద్దం. రెండూ ఒకటే అని తేలేదాకా మనిషి ఎదురుగా నిలబడి ఎంత మొత్తుకున్నా లాభం లేదు. తోటివాళ్ళు ఆయన్ని 'భూతద్దం' అనే పిలిచేవారట. రిటైరైన రోజున కుర్చీ వదిలేశారు గానీ, భూతద్దాన్ని చొక్కా జేబులో వేసుకుని ఇంటికొచ్చేశారు.

మా పెళ్ళి రిజిస్టరులో నేను సంతకం పెట్టగానే, అందరూ చప్పట్లు కొడుతుంటే, ఆయన జేబులోంచి ఆర్నెల్ల కిందట నేను రాసిన ఉత్తరం తీసి దాని పక్కన పెట్టారు.

"అల్లుడుగారూ, ఉత్తరంలో చివరి కొక్కెం పైకి తిరిగింది. ఇక్కడ కిందికి తిరిగింది."

"చెయ్యి వణికిందండీ."

"ఎందుకు వణికింది?"

"మీరు చూస్తున్నారని."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే. ప్రస్తుతానికి ఒప్పుకుంటున్నాను" అన్నారు. పదేళ్ళయింది. ఆ 'ప్రస్తుతానికి' ఇంకా నడుస్తూనే ఉంది.

అత్తగారు ఒకసారి ముచ్చటపడి, "అందర్నీ అనుమానిస్తారు, నన్ను మాత్రం ఎలా నమ్మారో ఏమిటో!" అంది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "నమ్మానని నీకెవరు చెప్పారు?" అని అడిగారు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆ పూట ఇంట్లో ఎవరికీ రెండో కప్పు కాఫీ దొరకలేదు.

ఇంత అనుమానంలోనూ ఆయనకి ఒక శిష్యురాలు దొరికింది. మా అమ్మాయి. ఎనిమిదేళ్ళు. ఇంట్లో అందరం పిడుగు అంటాం. తాతా మనవరాలూ కలిసి కూరగాయల తూకం నుంచి చందమామ సైజు దాకా అన్నీ తనిఖీ చేస్తుంటారు. తేడా కనిపెట్టిన రోజున ఇద్దరి మొహాలూ వెలిగిపోతాయి. అంతా సరిగ్గా ఉన్న రోజున ఇద్దరూ డీలా పడిపోతారు.

ఆ తాబేలుని కూడా పిడుగే కనిపెట్టింది. సెలవురోజు పొద్దున్నే అందరం సముద్రం ఒడ్డున నడుస్తున్నాం. రాళ్ళ పక్కన ఆకుపచ్చ వల కుప్పగా పడి ఉంది. "తాతయ్యా, వల ఊపిరి పీలుస్తోంది!" అని అరిచింది పిడుగు. దగ్గరికెళ్ళి చూస్తే వల లోపల సముద్రపు తాబేలు. బల్లంత డిప్ప. తెడ్డులాంటి ముందుకాలికి వలతాడు బిగుసుకుపోయి మాంసంలోకి దిగిపోయింది. కన్ను ఒకటి తెరిచి మావైపు చూసి మళ్ళీ మూసేసుకుంది.

"నటనేమో" అన్నారు మామగారు.

"నాన్నా!" అని మా ఆవిడ తల పట్టుకుంది.

సముద్ర జీవులకు వైద్యం చేసే ఆసుపత్రి ఒకటుందని, ఊరి చివర రేవు దాటాక అని, ఎవరో నంబరు ఇస్తే ఫోను చేశాను. గంటలో వ్యాను వచ్చింది. ఆ గంటసేపూ పిడుగు తన నీళ్ళ సీసాతో సముద్రం నీళ్ళు తెచ్చి తాబేలు మీద పోస్తూనే ఉంది. మామగారు మాత్రం దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశారు. భూతద్దం పెట్టి డిప్ప అంచంతా చూశారు. "అమ్మడూ, రాసుకో. ఎడమవైపు, వెనక నుంచి మూడో పెంకు. అంచున చిన్న నొక్కు" అని చెప్పారు. పిడుగు తడిచేత్తో రాసుకుంది. వ్యాను డ్రైవరు గుర్తింపు కార్డు చూపించేదాకా తాబేలుని ఎత్తనివ్వలేదు. ఎత్తాక, 'సముద్రపు తాబేలు ఒకటి, ప్రాణంతో ఉన్నది, ముట్టినది' అని కాగితం మీద రాయించుకున్నారు.

ఆ తరవాత ఆసుపత్రి నుంచి నా ఫోనుకి వారానికొక సందేశం వచ్చేది. 'మీ తాబేలు కోలుకుంటోంది.' పిడుగు ఎగిరి గంతేసేది. అదీ చాలక రోజూ ఆసుపత్రికి ఫోను చేసి తాబేలు ఎలా ఉందని అడిగేది. రెండో వారం కూడా అదే. మూడో వారం కూడా అదే. మామగారు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు.

"అల్లుడుగారూ, అక్షరం తేడా లేదు. మూడువారాలు కోలుకుంటున్నదానికి ఒక్క కొత్త సంగతైనా ఉండదా? తిన్నదనో, తిట్టిందనో?"

"తాబేళ్ళు తిట్టవండీ."

"మీకెలా తెలుసు?"

 పిడుగు వినకుండా నన్ను వరండాలోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించారు. "అది పోయిందని నా అనుమానం. మనకి చెప్పడం లేదు."

నాలుగో వారంలో సందేశం మారింది. 'ఆదివారం కుటుంబంతో వచ్చి చూడవచ్చు.' పిడుగు శనివారం రాత్రి గౌనుతోనే పడుకుంది, పొద్దున్నే లేటవకుండా. మామగారు ఫొటోలు ప్రింటు తీయించి కవరులో పెట్టుకున్నారు. దారి పొడుగునా మా ఆవిడ ఆయన్ని బతిమాలుతూనే ఉంది. "నాన్నా, వాళ్ళు పుణ్యానికి చేస్తున్నారు. అక్కడ మాత్రం పరువు తియ్యకు."

"నేనేమంటాను? చూస్తానంతే."

ఆయన 'చూస్తానంతే' అన్నప్పుడల్లా ఎవరో ఒకరి ఉద్యోగం ఊగుతుందని బ్యాంకులో చెప్పుకునేవారట.

గేటు దగ్గర మందు కలిపిన నీళ్ళ పళ్ళెంలో బూట్లు ముంచి రమ్మన్నారు. "ఇది మందేనా, ఉత్త నీళ్ళేనా?" అని వంగి వాసన చూశారు. తుమ్మొచ్చింది. "ఊఁ, మందే" అని ముంచారు.

లోపల పొడుగాటి హాలు. రెండు వైపులా గుండ్రటి నీలం తొట్లు. గొట్టాల్లోంచి నీళ్ళు బుడబుడమంటున్నాయి. నేలంతా తడి, గాలంతా ఉప్పూ చేపలూ కలిసిన వాసన. ప్రతి తొట్టికీ పక్కన తెల్లటి పలక, దాని మీద నల్లరంగు కలంతో బరువూ, మందులూ రాసి ఉన్నాయి. ఓ మూల రెక్కకి కట్టు కట్టించుకున్న కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. మామగారు దాన్ని చాలాసేపు చూశారు. "కట్టు రెక్కకి కదా, కాలెందుకు ఎత్తింది?" అని అడిగారు. పక్కనే బల్ల మీద చేపలు కోస్తున్న పెద్దాయన కత్తి ఆపి, "అది కొంగ కాబట్టండీ" అన్నాడు. ఆకుపచ్చ రబ్బరు తొడుగులు వేసుకున్న చేతుల్తో మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో మేత పెట్టేది ఆయనే.

"ఆ చేపలు తాజావేనా?"

"తాబేళ్ళు ఇంతవరకు ఫిర్యాదు చెయ్యలేదండీ."

"చేస్తే మీకు తెలుస్తుందా?"

పెద్దాయన ఈసారి కత్తి పూర్తిగా కింద పెట్టేశాడు. అదృష్టం బాగుండి అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కళ్ళ కింద నలుపు. పిడుగుని చూడగానే నవ్వు తెచ్చుకుని నాలుగో తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇదిగో, మీ తాబేలు."

తాబేలు తొట్టి చుట్టూ హాయిగా తిరుగుతోంది. పిడుగు తొట్టి అంచు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడింది. "ఎంత బాగా ఈదుతోందో చూడు నాన్నా!" అంది. అని, ఊరుకుంది. మామూలుగా అయితే నోరు మూతపడదు. సంతోషంతో మాట రావడం లేదనుకున్నాను.

మామగారు కవరు తీశారు. భూతద్దం తీశారు. తాబేలు ఒక చుట్టు తిరిగింది. రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టు కూడా అయ్యాక భూతద్దం జేబులో పెట్టేశారు. ఒక్క మాట అనలేదు.  తేడా లేకపోతే ఆయన గొణుగుతారు. తేడా ఉంటేనే ఇలా మౌనంగా ఉంటారు.

"డాక్టరమ్మా, చేతులు కడుక్కోవాలి. ఎక్కడ?" అన్నారు.

ఆమె దారి చూపిస్తూ ముందు నడిచింది. గొడవైతే ఆపుదామని నేనూ వెనకే పరిగెత్తాను.

నడవ మలుపు తిరగగానే ఆయన ఆగిపోయారు. "మాది ఏదమ్మా?" అని అడిగారు.

"అదేనండీ, ఇప్పుడు చూశారుగా."

"మాదానికి ఎడమవైపు మూడో పెంకుకి నొక్కుంది. దీనికి లేదు. వలతాడు కోసిన మచ్చ ఉండాలి, అదీ లేదు. పలక మీద చేరిన తేదీ చూశాను. మేము తాబేలుని చూడకముందే మా తాబేలు మీ దగ్గర ఎలా చేరింది?"

 డాక్టరమ్మ గోడకున్న అద్దం కిటికీ వైపు చెయ్యి చూపించింది. లోపల చిన్న గది. లోతులేని తొట్టిలో, తడిగుడ్డ కప్పుకుని, కదలకుండా మా తాబేలు. ఎడమవైపు నొక్కు కనిపిస్తోంది. ముందుకాళ్ళు రెండుండాల్సిన చోట ఒక్కటే ఉంది.

"వాపు పైకి పాకిపోయిందండీ. మొన్న తీసెయ్యాల్సి వచ్చింది. ఆదివారం రమ్మని మీకు చెప్పాకే ఇదంతా అయింది. మేత ముట్టుకోవడం లేదు. బతుకుతుందో లేదో నేను చెప్పలేను. మీ పాప రోజూ ఫోను చేస్తుంది. ఇలా చూపించడానికి మనసొప్పలేదు." ఆమె హాలు వైపు తిరిగింది. "తప్పే. ఇప్పుడే వెళ్ళి పాపకి చెప్పేస్తాను."

మామగారు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు. ఆయన ఊపిరికి అద్దం మసకబారితే చేత్తో తుడిచి మళ్ళీ చూశారు. ఇక మొదలవుతుందనుకుని నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"డాక్టరమ్మా, అబద్ధం ఆడితే ఆడావు, ఇంత అజాగ్రత్తగానా ఆడేది?" అన్నారు.

"ఆఁ?"

"చుట్టూ తిరిగే తాబేలుని ఎవరైనా చూపిస్తారా? నాలుగు పక్కలూ కనపడిపోవూ? నిద్రపోయేదాన్ని చూపించాలి, నొక్కుండాల్సిన వైపు గోడకి ఆనించి. పలక మీద తేదీ ముందే చెరపాలి. ముప్ఫై నాలుగేళ్ళలో ఇంత నాసిరకం ఫోర్జరీ నేను చూడలేదు." నా వైపు తిరిగారు. "అల్లుడుగారూ, మీరేమీ వినలేదు."

"లేదండీ."

"చూడనూ లేదు."

"లేదండీ."

ఆయన చేతులు కడుక్కోకుండానే వెనక్కి నడిచారు. నాలుగో తొట్టి దగ్గరికొచ్చి, అలసిపోయినవాడిలా పలకకి మోచెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆ మోచేతిని మెల్లిగా అటూ ఇటూ కదిపారు. తేదీ పోయింది. దాంతోపాటు తాబేలు బరువు కూడా సగం పోయింది.

"అమ్మడూ, సరిచూశాను. ఇదే" అన్నారు.

మా ఆవిడ చేతిలో నీళ్ళ సీసా జారి కిందపడింది. అత్తగారు నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయింది. కట్టుకున్న భార్యని నలభై ఏళ్ళయినా నమ్మని మనిషి, ఒక తాబేలుని మూడు చుట్లలో నమ్మేశారు. పిడుగు తాతయ్య మొహంలోకి ఒకసారి చూసి, "అవును తాతయ్యా, ఇదే" అంది.

మర్నాటి నుంచి కథ తిరగబడింది. ఇంట్లో అందరికీ మామగారి మీద అనుమానం మొదలైంది. రోజూ తొమ్మిదింటికల్లా లైబ్రరీకని బయల్దేరేవారు. మధ్యాహ్నం తిరిగొచ్చేవారు. చొక్కా చేపల వాసన.

"లైబ్రరీలో చేపలు ఎప్పట్నుంచి ఇస్తున్నారండీ?" అని అడిగింది అత్తగారు.

"పక్కన మార్కెట్టు ఉంది."

"లైబ్రరీ పక్కన పోస్టాఫీసు కదా?"

"అటుపక్క పోస్టాఫీసు. ఇటుపక్క నువ్వెప్పుడైనా చూశావా?"

నాలుగో రోజున ఆవిడ నన్ను పిలిచి, "బాబూ, ఒక్కసారి ఆయన వెనకే వెళ్ళి చూసి రండి" అంది. ఎక్కడికి వెళ్తున్నారో నేను ఊహించాను, అయినా వెళ్ళాను. రెండు బస్సులు మారి ఆసుపత్రికే చేరారు. అద్దం కిటికీ ముందు స్టూలేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో పుస్తకం. నన్ను చూసి ఉలిక్కిపడ్డారు.

"వీళ్ళని నేను నమ్మను. నాలుగు రోజులు చూడకపోతే దీన్ని కూడా మార్చేస్తారు" అన్నారు గబగబా.

పుస్తకం తీసుకుని చదివాను. '9.40: కన్ను తెరిచింది. నన్ను చూసి తెరిచిందని అనుకోవడానికి ఆధారం లేదు. 10.15: చేప పెట్టారు. తలతిప్పుకుంది. 10.50: డాక్టరమ్మ వచ్చింది. తలతిప్పుకోలేదు. 11.30: చేప పెట్టారు. గోడ వైపు పోయింది.' ఇలా నాలుగు రోజులది.

"డాక్టరమ్మ వస్తే ఊరుకుంటుంది, మేత పెట్టే ఆయన వస్తే పారిపోతుంది. ఆయన మీద నాకు అనుమానం" అన్నారు.

"పాపం, ఆయనేం చేశాడండీ?"

"మనిషి మీద కాదు. చేతుల మీద. చూడండి, ఆకుపచ్చ తొడుగులు. వల ఏ రంగు?"

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఆపరేషనైన జంతువు మేత మానెయ్యడానికి నూరు కారణాలుంటాయంది. మేత పెట్టే పెద్దాయనకైతే ఒళ్ళు మండింది. "ఇరవై ఏళ్ళుగా ఈ తొడుగులే వేసుకుంటున్నాను. మొదట నా చేపల్ని అన్నారు, ఇప్పుడు నా చేతుల్ని అంటున్నారు" అన్నాడు.  మామగారు మర్నాడు తెల్ల తొడుగుల జత తెచ్చి బల్ల మీద పెట్టి వచ్చేశారు. రెండు రోజులు అవి అలాగే ఉన్నాయి. మూడో రోజున పెద్దాయన ఎవరూ చూడటం లేదనుకుని వాటిని వేసుకున్నాడు.

ఆ రోజు పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. 'తిన్నది.' కింద గీత. గీత కింద ఇంకో గీత.

"తొడుగుల వల్లే అని కచ్చితంగా చెప్పలేమండీ. మందు కూడా మార్చాను" అంది డాక్టరమ్మ.

"నేను మాత్రం నమ్ముతున్నానా? కానీ తిన్నదిగా!" అన్నారు మామగారు. ఆ పూట ఆయనా, మేత పెట్టే ఆయనా చెరో కప్పు టీ తాగారు. ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూనే తాగారు.

రెండున్నర నెలలు గడిచాయి. తాబేలు మూడు కాళ్ళతోనే ఈదడం నేర్చుకుంది. ఇక సముద్రంలో వదిలెయ్యవచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి మామగారికి అన్నం సహించలేదు. పిడుగుకి నిజం చెప్పాలి. రెండు రోజులు గొంతు సవరించుకుని, మూడో రోజు భోజనాల దగ్గర చెంచా కింద పెట్టారు.

"అమ్మడూ, నేనొక ఫోర్జరీ చేశాను."

"ఏది తాతయ్యా?"

"ఆ రోజు మనం చూసిన తాబేలు మనది కాదు."

"తెలుసు."

ఆయన కళ్ళజోడు జారింది. "తెలుసా?"

"నొక్కు లేదుగా. తేదీ కూడా తప్పు. నువ్వు మోచేత్తో చెరిపేశావు. ఇంటికొచ్చేదాకా నీ చొక్కాకి నల్లరంగు ఉంది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

పిడుగు కంచంలోకి చూసింది. "మనది చచ్చిపోయిందనుకున్నాను. నీకు తెలీదేమో, తెలిస్తే ఏడుస్తావేమో అనిపించింది. అందుకే ఇదే అని చెప్పాను."

 మామగారు మనవరాలి కంచంలో తన కంచంలోది ఏదో వెయ్యబోయి, ఏం వెయ్యాలో తెలీక, మంచినీళ్ళ గ్లాసు జరిపారు. "చచ్చిపోలేదే పిచ్చిదానా! బతికే ఉంది. కాలొకటి లేదు, అంతే. రోజుకి పన్నెండు చేపలు తింటోంది. నేను లెక్కపెట్టాను" అన్నారు. అప్పుడు ఏడ్చింది పిడుగు. ఏడుస్తూనే, "పన్నెండేనా? నేను చూడాలి" అంది.

వదిలిన రోజు పొద్దున్నే అందరం ఒడ్డున చేరాం. వ్యానులోంచి దింపగానే తాబేలు ఇసుకలో వంకరటింకరగా ఈడ్చుకుంటూ నీళ్ళ వైపు సాగింది. ఒక అల వచ్చి దాన్ని వెనక్కి నెట్టింది. రెండో అల కూడా నెట్టింది. మూడోది ఎత్తుకుపోయింది. మేత పెట్టే పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం. నీళ్ళ మీద తల ఒకసారి కనిపించి మునిగిపోయింది.

అందరూ వెనక్కి తిరిగాం. మామగారు మాత్రం కదలలేదు. ప్యాంటు మడవకుండానే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు.

"ఏమండీ, వెళ్ళిపోయిందిగా, రండి" అని కేకేసింది అత్తగారు.

"వెళ్ళిందనే మీరు అనుకుంటున్నారు. అలిసిపోయి వెనక్కి వస్తే? అప్పుడు ఇక్కడ ఎవరుంటారు?"

పిడుగు చెప్పులు విడిచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ సముద్రాన్ని ఆ చివర నుంచి ఈ చివరిదాకా తనిఖీ చేస్తున్నారు. పావుగంటైంది. అరగంటైంది. వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. డాక్టరమ్మ అతనికి ఆగమన్నట్టు చెయ్యి చూపించి, తన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచింది.

"ఇంకో పది నిమిషాలు చూద్దాం" అంటూ తనూ నీళ్ళలోకి దిగింది.